గేటు దగ్గరి పలకరింపు

పోయిన ఆదివారం తెల్లవారుతుండగా మా పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. "అమ్మ లేస్తలేదే" అన్నాడు. అంతే. నేను హనుమకొండలో బస్సెక్కి తొర్రూరు చేరేసరికి పెద్దమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. నిద్రలోనే గుండె ఆగిందట. ఎవరికి జ్వరమొచ్చినా ముందు వెళ్లి చూసొచ్చే మనిషి, తనను చూడడానికి ఎవరికీ ఒక్క పూట కూడా ఇవ్వకుండా వెళ్లిపోయింది.

వీధిలో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడిందని తెలిస్తే చాలు, పెద్దమ్మ కొప్పు సవరించుకుని బ్రెడ్డు ప్యాకెట్టుతో బయలుదేరేది. మంచం అంచున కూర్చుని, నుదుటి మీద అరచెయ్యి ఆనించి, "అగ్గి లెక్క కాలుతున్నవ్ గదనే" అనేది. అదే చేత్తో వచ్చేదారిలో పసిపిల్లల బుగ్గలు గిల్లేది. తనకన్నా ముందు ఇంకెవరైనా చూసొచ్చారంటే ఆ పూటంతా ముభావం. తనను చూడడానికి రానివాళ్లను మాత్రం మరిచేది కాదు. "నాకు జరమొస్తే తొంగి గూడ సూడలే" అని ఎప్పుడో జరిగినదాన్ని పెళ్లిపందిట్లో గుర్తుచేసేది. మా వైపు పలకరింపు అంటే అంత పట్టింపు.

కొన్నేళ్ల కిందట ఒక వానాకాలం, నేను పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నాను. వీధి వీధంతా దగ్గుతోంది. పెద్దమ్మ కోడలు, అంటే మా వదిన, నిండు ఏడో నెలలో ఉంది. పెద్దమ్మ ఎదురింటామెను పలకరించి వచ్చి, కాళ్లూ చేతులూ కడగకుండానే వదినకు జడ వేయడానికి కూర్చుంది. ఆ వారంలోనే వదినకు జ్వరం పట్టుకుంది. గొంతు మంట, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు నొప్పులు.

"ఆర్ఎంపీని తీస్కొస్త. ఒక్క బాటిల్ ఎక్కిస్తే లేసి కూసుంటది" అన్నాడు అన్న. సెలైన్ సీసా వేలాడితే తప్ప వైద్యం జరిగినట్టు కాదు మాకు.

"కడుపుతోటి ఉన్నోళ్లకు ఫ్లూ మంచిది కాదన్నా. పెద్ద దవాఖానకు పోదాం" అన్నాను.

"నువ్వెప్పుడు డాక్టరైనవ్?"

పెద్దమ్మ అప్పటికే చీర మార్చుకుంటోంది. "అది డాక్టరు గాదు, నువ్వు గాదు. డాక్టరున్న కాడికే పోదాం. ఆటోను పిల్వురా."

మానుకోట పెద్ద దవాఖానలో డాక్టరమ్మ ఫ్లూయే అని తేల్చింది. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్‌లు దీని మీద పనిచేయవంది. గర్భిణులకు ఊపిరితిత్తుల దాకా దిగే ప్రమాదం ఎక్కువ, అందుకే వైరస్ మందు మొదటి రెండు రోజుల్లోనే మొదలుపెడితే మేలు, సమయానికే తెచ్చారంది. జ్వరానికి పారాసిటమాల్, బాగా నీళ్లు, గంజి, విశ్రాంతి. ఆయాసం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా వెంటనే తీసుకురావాలని గట్టిగా చెప్పింది.

పెద్దమ్మ తన అరచేతులు చూసుకుంది. "నా చేతులతోటే అంటిందా అమ్మా?"

"దగ్గు తుంపర్లతోటి వస్తది, చేతులతోటి వస్తది. ఎవరి నుంచి వచ్చిందో ఎవరం చెప్పలేం. ఇంకొకరికి పోకుండా చూడండి. పలకరించడానికి మందిని రానియ్యకండి."

"రావద్దంటే ఊకుంటరా? నేను ఎందరిండ్లకు పోయిన!"

మర్నాడు పెద్దమ్మ మాస్కు పెట్టుకుని గేటు లోపల కుర్చీ వేసుకుంది. మొదట వచ్చింది ఎదురింటామే.

"ఏందక్కా, నన్ను గూడ ఆపుతవా?"

"నిన్నే ముందుగాల ఆపాలె. నీ దగ్గింక పోలే."

"పలకరియ్యకుంట ఎట్ల పోవాలె మరి?"

"గీడ నిలవడి పలకరియ్యి. గట్టిగ ఒర్రు, ఇనవడ్తది."

ఆమె గేటు అవతల నిలబడి కేకేసింది. "ఓ బిడ్డా, పానం ఎట్లున్నదే?" లోపలి నుంచి వదిన నీరసంగా "మంచిగనే ఉన్నదత్తా" అంది. వీధంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరొచ్చినా అదే పద్ధతి. బ్రెడ్డు ప్యాకెట్లు గోడ మీద, మాటలు గాలిలో. ఎవరూ నొచ్చుకోలేదు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఇప్పుడు వీధికంతటికీ తెలుస్తోంది కదా మరి!

వదినకు ఆయాసం రాలేదు. జ్వరం దిగిన రోజు నోరు చప్పగా ఉందని పచ్చిపులుసు అడిగింది. పెద్దమ్మ గిన్నె అందించి, బయటికొచ్చి, కుర్చీలో కూర్చుని అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లూ ఆమె కంట తడి చూడలేదు నేను.

ఆ ఏటి నుంచి ప్రతి ఏడూ ఫ్లూ టీకా వేయించుకుంది. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి టీకా కూడా ఏటా కొత్తగా వేసుకోవాలని తనే అందరికీ చెప్పేది. "సూది ఏస్తే పానం బాగుండదట గదక్కా" అని ఎవరైనా అంటే, "జెబ్బ నొస్తది, ఒకపూట వెచ్చగైతది. కోడలి మంచం కాడ కూసున్నప్పటి భయం ముంగట గదొక నొప్పా?" అనేది.

ఆ జ్వరం తగ్గిన రెండు నెలలకు వదినకు కాన్పు చిట్యాలలో, పుట్టింటి దగ్గర అయింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఆ కబురందగానే పెద్దమ్మా నేనూ బస్సులు మారుతూ బయలుదేరాం. దారిలో ఆమెకు తుమ్ములు పట్టుకున్నాయి. మాస్కు తీయలేదు, మాట్లాడలేదు. తీరా ఇంటికి చేరాక గడప తొక్కలేదు. వియ్యపురాలు "జలుబే గదా వదినా, రా" అని ఎంత బతిమాలినా వినకుండా ఇల్లు చుట్టి వెనక కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఎత్తు బిడ్డా, జర వెలుగుకు ఎత్తు."

వదిన పాపను ఎత్తి పట్టుకుంది. కిటికీకి నాలుగడుగుల అవతల, చిక్కుడు పందిరి నీడలో, రెండు చేతులూ వీపు వెనక గట్టిగా కట్టుకుని నిలబడింది పెద్దమ్మ. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి నవ్వుతున్నాయి.