బాపు అతికిన కాయిల్

మా గని కాలనీ క్వార్టర్లకు కరెంటు కంపెనీయే ఇచ్చేది కాబట్టి బిల్లు గురించి ఎవరూ ఆలోచించేవారు కాదు. అందుకే గ్యాస్ సిలిండర్‌ను చుట్టాలొచ్చినప్పటికని దాచుకుని, వంటంతా కాయిల్ పొయ్యి మీదే చేసేవాళ్ళం. గాడులున్న మట్టి పలక, ఆ గాడిలో స్ప్రింగులా చుట్టిన తీగ, పొయ్యంటే అంతే. తీగ తెగితే కొత్తది కొనడం మా వాడలో తెలివితక్కువ పని. కాలిపోయిన కొసలు కత్తిరించి, మిగిలిన రెండు కొసలూ మెలేసి, మళ్ళీ గాడిలో పరవాలి. గనిలో పనిచేసే మా బాపుది ఈ విద్యలో అందె వేసిన చేయి. ఇరుగుపొరుగు వాళ్ళు తమ పొయ్యిలు తెచ్చి మా గడప ముందు పెట్టి పోయేవారు. బాపుకు అదో గర్వం.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తానని పట్టుబట్టిన ఎండాకాలం అది. బాపు మొదటి షిఫ్టు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా తేల్చేశాడు.

"ఆడపిల్లవు, కరెంటుతోని నీకేం పని? కుట్టుపని కోర్సు ఉన్నదట. గది రాయి."

"నాకు సూదిల దారం ఎక్కియ్యరాదు బాపు. నేను కరెంటే నేర్చుకుంట."

కౌన్సెలింగ్ సోమవారం. బాపు వెంట రాకపోతే నా చదువు అక్కడితో ఆగిపోతుంది. అమ్మ నా వైపే కానీ, ఆమె మాట ఇంట్లో అన్నం వడ్డించేదాకానే చెల్లేది.

సరిగ్గా ఆ వారమే మా ఇంట్లో రోజూ ఫ్యూజు పోవడం మొదలైంది. అమ్మ అన్నానికి ఎసరు పెట్టగానే ఫ్రిజ్, కూలర్, పొయ్యి అన్నీ ఒకేసారి ఆగిపోయేవి. బాపు అమ్మను తిట్టాడు, తర్వాత కూలర్‌ను తిట్టాడు. చివరికి ఫ్యూజుకు రెండు తీగలు కలిపి పేనుతానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గోడలోని వైరు వేడెక్కి కాలకుండా ఆపేదే ఆ సన్నని తీగ. దాన్ని లావు చేస్తే తర్వాత కాలేది ఇల్లే.

"జర ఆగు బాపు. ఎందుకు పోతాందో నేను లెక్క కట్టి చెప్త. తప్పయితే కుట్టుపనికే పోత."

"ఒప్పయితే?"

"నువ్వే నన్ను తోలుకపోవాలె."

బాపు నవ్వి సరేనన్నాడు. పంతం మా ఇంట్లో ఇద్దరికీ సమానంగానే ఉంది.

ఆదివారం పొద్దున వెనక లైన్లో ఉండే ఎలక్ట్రీషియన్ కాక దగ్గర, వైరు చుట్టూ దవడల్లా బిగిస్తే అందులో పారే కరెంటు చూపే క్లాంపు మీటరు అడిగి తెచ్చాను. వోల్టేజీ రెండు వందల ముప్పై చూపింది. పొయ్యి వేసి, మీటరు నోరు తెరిచి పొయ్యి వైర్లకు తగిలించాను. సున్నా.

"నీ మీటరు కరెంటే లేదంటాంది. మరి అన్నమెట్ల ఉడుకుతాందే?" బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు. పోయే వైరు, తిరిగొచ్చే వైరు రెండూ మీటరు నోట్లో ఉన్నాయి. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే సున్నా కాక ఇంకేం వస్తుంది? స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, పేనిన వైర్లను విడదీసి ఒక్కదానికే తగిలించాను. పదకొండున్నర ఆంపియర్లు.

ముగ్గు సుద్దతో గచ్చు మీద లెక్క వేశాను. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం ఇరవై ఓములు. రెండింటినీ గుణిస్తే రెండు వేల ఆరు వందల నలభై ఐదు వాట్లు. అది రెండు వేల వాట్ల పొయ్యి. దానికి ఇరవై ఆరు ఓముల పైనే ఉండాలి.

"తీగ పొట్టిదైంది బాపు. అందుకే కరెంటుకు అడ్డం తగ్గి ఎక్కువ గుంజుతాంది."

"పొట్టి ఎట్లయితది? గాడి నిండ ఉన్నది కదా!"

"నువ్వు సాగదీస్తవు. చుట్లు దూరమైతయి గని తీగ పెరగదు."

నమ్మలేదు. బాపు ఏదీ పారేయడు. కత్తిరించిన కొసలన్నీ ఒక పాత డబ్బాలో వేస్తాడు. ఆ డబ్బా తెచ్చి గచ్చు మీద బోర్లించాను. నల్లబడ్డ ముక్కలు గలగలా పడ్డాయి.

"గివన్ని పొయ్యిలకెళ్ళి తగ్గినయి కాదా?"

 బాపు అంగీ తొడుక్కుని బజారుకు పోయి కొత్త కాయిల్ తెచ్చాడు. దాన్ని బిగించేలోపు నేను గచ్చు మీద ముందే రాశాను: ఎనిమిది పాయింట్ ఏడు ఆంపియర్లు. ఫ్రిజ్, కూలర్ రెండూ వేసి పొయ్యి పెట్టాం. పొయ్యి వైరుకు తగిలించిన మీటరులో అదే అంకె కనబడింది. అన్నం కొంచెం ఆలస్యంగా ఉడికింది, ఫ్యూజు మాత్రం పోలేదు. అమ్మ గంజి వారుస్తూ నన్ను చూసి నవ్వింది. బాపు తిని పడుకున్నాడు. ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియలేదు.

సోమవారం నాకంటే ముందే తయారై షేర్ ఆటో ఆపాడు.  కౌన్సెలింగ్ టేబుల్ దగ్గరి ఆయన నన్ను చూసి, "ఆడపిల్లలకు కుట్టుపనిల సీట్లున్నయమ్మా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బాపు ముందుకు వంగాడు.

"సారూ, నా బిడ్డకు ఎలక్ట్రీషియన్ రాయుండ్రి. గా కుట్టుపని సీటు నాకియ్యుండ్రి. ఇన్నేండ్ల సంది అతుకులేసింది నేనే."