చల్లగా తిరిగొచ్చిన నెత్తురు

మొన్న మంగళవారం పొద్దున మా బాబాయి పోయాడు. కబురు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే నాకు ముందు ఏడుపు రాలేదు. "ఎట్టా పోయాడు? మాట్లాడతానే పోయాడా?" అని అడిగాను. అది బాబాయి అడిగే ప్రశ్న. ఎవరు పోయినా ఆయన మొదట అదే అడిగేవాడు. చావు దగ్గర ఇదేం ఆరా అని పిన్ని కసురుకునేది.

ఆయన నరసరావుపేట పక్కన సాగర్ కాలవ మీద లస్కరు. తూము ఎత్తి చేలకు నీళ్ళు వదలడం, వంతు అయ్యాక దించడం ఆయన ఉద్యోగం. పైన నీళ్ళు వదిలారని ఎవరు చెప్పినా నమ్మేవాడు కాదు. చివరి చేను దాకా నడిచి, కాలవలో కాలు పెట్టి, చల్లగా తగిలాకనే "వచ్చినయ్" అనేవాడు. "నోటిమాటతో చేను తడవదే అమ్మాయ్" అని నాతో చానాసార్లు అన్నాడు.

అలాంటి మనిషికి ఒళ్ళంతా నీరు పట్టింది. మొహం ఉబ్బి కళ్ళు పూడుకుపోయాయి. మూత్రపిండాల జబ్బు అన్నారు. గుంటూరులో ఎన్ని మందులు మార్చినా లొంగలేదు. చివరికి మద్రాసులో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. అక్కడి డాక్టరు ఒక కొత్త వైద్యం సంగతి చెప్పాడు. నెత్తురును గొట్టంలోంచి బయటికి తీసి యంత్రంలో వడకడతారట. జబ్బును పెంచుతోందనుకునే పసుపుపచ్చ నీటిని తీసేసి, దాని బదులు మంచిది కలిపి మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారట. పనిచేస్తుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు.

"నెత్తురు బయటికి పోతే ఇంక మనిషేంది? ఇంటికి పోదాం పదండి" అని పిన్ని లేచి నిలబడింది. నేనూ సంచి అందుకున్నాను. బాబాయి మాత్రం డాక్టరును ఒక్కటే అడిగాడు. "ఆ వడకట్టేది నన్ను చూడనిస్తారా?"

బతుకుతానా అని అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

యంత్రం పక్కన పడుకుని తల అటే తిప్పి చూస్తూ ఉన్నాడు. సంచిలోకి పచ్చటి నీరు దిగుతుంటే, "మజ్జిగ మీద తేట మాదిరి ఉందే!" అని సంబరపడ్డాడు. కాసేపటికి ఆయన చెయ్యి వణికింది. నేను నర్సును పిలవబోయాను. "ఉండవే. చల్లగా తగిలింది. నా నెత్తురు తిరిగొచ్చింది" అన్నాడు. నర్సు వచ్చి దుప్పటి కప్పి వెళ్ళింది.

పక్క మంచం మీద నాదెండ్ల నుంచి వచ్చిన ఒక కోడలుపిల్ల ఉండేది. అదే జబ్బు. ఆ అమ్మాయి మొగుడు అప్పటికే మూట కట్టేశాడు.

"ఏమ్మా, ఎందుకు పోతన్నారు?"

"భయం బాబాయ్. నా నెత్తురు నేను చూళ్ళేను."

"నువ్వు కళ్ళు మూసుకో. నేను చూసి చెప్తాలే."

అన్నంత పనీ చేశాడు. మర్నాడు ఆ అమ్మాయి పక్కన స్టూలు వేయించుకుని కూర్చుని, "ఇప్పుడు బయటికి పోతంది... అదిగో మళ్ళుకుంది... వచ్చేస్తంది, చల్లగుంటది, బెదరమాక" అని చివరిదాకా చెబుతూనే ఉన్నాడు. మొగుడు మూట విప్పాడు.

ఆ అమ్మాయికి తగ్గింది. బాబాయికి తగ్గలేదు. కొన్నాళ్ళు వాపు తీసినట్టే తీసి మళ్ళీ వచ్చింది. ఒకే జబ్బు, ఒకే యంత్రం, ఇదేం న్యాయమని డాక్టరు మీద విరుచుకుపడ్డాను. తనకూ తెలియదన్నాడాయన. బాబాయి నన్ను వారించి, "మెల్లిగానే కనుక్కోండి డాక్టరుగారూ. నాకు పనికిరాకపోయినా ఎందుకో తెలియాలిగా" అన్నాడు.

ఇంటికి తెచ్చేశాక, పోయే ముందు వారం ఆ అమ్మాయిని చూడాలని కబురు పెట్టించాడు. బస్సు దిగి తనే నడుచుకుంటూ వచ్చింది. మంచం మీద కూర్చోమని, కాలు చాపమన్నాడు. నీరు పట్టిన కాలును నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోతుంది. ఆయన కాళ్ళు అప్పుడు అలాగే ఉన్నాయి. ఆ అమ్మాయి కాలి మీద బొటనవేలు పెట్టబోయాడు. ఆమె చటుక్కున కాలు లాక్కుంది.

"అయ్యో బాబాయ్! పెద్దోడివి, నువ్వు నా కాళ్ళు ముట్టుకుంటే నాకు పాపం."

"ఆ పాపమేదో నా ఖాతాలో వేసుకుంటాలే. కదలమాక."

గట్టిగా నొక్కి వేలు తీశాడు. గుంట పడలేదు. ఊపిరి అందకపోయినా పకపకా నవ్వాడు. నేను మొహం తిప్పుకుని ఏడుస్తున్నాను.

"ఏదీ, ఆ రెండో కాలు కూడా పెట్టు" అన్నాడు.