నాకు దక్కని బి.కాం. సీటు

పోయిన నెలలో మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక కబురు వచ్చింది. పలాసలో మేం చదివిన కాలేజీలో ఒకప్పుడు కామర్స్ హెడ్డుగా పనిచేసినాయన విశాఖపట్నంలో కొడుకు ఇంట్లో కన్నుమూశారని, ఆయన పేరు మీద సంస్మరణ సభ జరిపి చిన్న సంచిక వేస్తున్నారని, మా బ్యాచిలో కామర్స్ లెక్చరరుగా రిటైరైనదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి గురువుగారి గురించి రెండు పేజీలు తప్పకుండా రాసి పంపాలని దాని సారాంశం. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా ఉన్నాయి. నేను ఏ బొమ్మా పెట్టలేదు. ఆయన శిష్యురాలిని నేను ఒక్కరోజు కూడా కాలేదు, కాకుండా చేసింది ఆయనే. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలన్న మర్యాద నా వయసువాళ్లందరికీ తెలిసిందే, నాకూ తెలుసు, కాని ఈ ఒక్కసారికి దాన్ని పక్కన పెట్టి, సంచికకి పంపని సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మాది కంచిలి దగ్గర పల్లె. నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకుని పలాస వచ్చి జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టే పనిలో చేరింది. సెలవుల్లో నేనూ ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చునేదాన్ని. పిక్క పగిలినప్పుడు కారే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఎంత బూడిద పూసుకున్నా వేళ్ల కొసలు నల్లబడి పొరలు పొరలుగా ఊడతాయి, ఆ నలుపు నిమ్మచెక్కతో తోమినా పోదు. పెళ్లి భోజనాల్లో మా వేళ్లు చూడగానే ఏ పని చేసేవాళ్లమో జనానికి తెలిసిపోయేది. ఆ కార్ఖానా మొత్తంలో కుర్చీ మీద కూర్చునేది గుమస్తాగారొక్కరే. తెల్ల చొక్కా, శుభ్రమైన వేళ్లు. యజమాని కూడా ఆయన్ని అడగందే ఏ కాగితం మీదా సంతకం పెట్టేవాడు కాదు. ఆయన ఏం చదివాడని ఒకసారి అమ్మ ఎవరినో అడిగితే బీకామని చెప్పారు. ఆ మాట అప్పటి నుంచి మా ఇంట్లో ఒక మనిషిలా తిరుగుతూ ఉండేది. నేను అన్నం తినకపోయినా, పుస్తకం మూసేసినా, బీకామ్ ఎలాగ సదువుతావే అని అమ్మ గద్దించేది.

అయితే ఇంటర్లో మా ఆడపిల్లల కాలేజీలో చరిత్ర, పౌరశాస్త్రం తప్ప కామర్స్ గ్రూపు లేదు. ఇంటర్లో కామర్స్ చదవనివాళ్లకి బి.కాం.లో నేరుగా చోటివ్వరు. మా డిగ్రీ కాలేజీవాళ్లు దానికొక దారి పెట్టారు. ముందు బి.ఎ.లో చేర్చుకుంటారు, రెండు నెలల పాటు పొద్దున్నే అకౌంటెన్సీ, వాణిజ్యశాస్త్రం ప్రత్యేకంగా చెబుతారు, చివర పరీక్ష పెడతారు, యాభై మార్కులు దాటినవాళ్లలో మొదటి పన్నెండు మందిని బి.కాం.లోకి మారుస్తారు. నోటీసు బోర్డు మీద టైపు చేసి అంటించిన ఆ నిబంధనలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. నేను జీవితంలో మొదట కంఠస్థం చేసింది పద్యం కాదు, ఆ కాగితమే.

ఆ రెండు నెలలు నేను చదివిన చదువు మళ్లీ ఎప్పుడూ చదవలేదు. డెబిట్టూ క్రెడిట్టూ నాకు ఎంత సహజంగా పట్టుబడ్డాయంటే, పాఠం చెప్పే కుర్ర లెక్చరరు తను బోర్డు మీద చేసిన తప్పుని నేను చూపిస్తే నవ్వి దిద్దుకునేవారు. పరీక్షలో నాకు నాలుగో స్థానం వచ్చింది. పొద్దున్న జాబితా అంటించగానే నా పేరు మూడుసార్లు చదువుకుని, కాలేజీ నుంచి కార్ఖానాకి పరుగెత్తి అమ్మకి చెప్పాను. అమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే తిండి మానేసి, అదే చీరతో, అదే చేతులతో నా వెనకాలే కాలేజీకి వచ్చింది.

“ఏదే, నీ పేరు ఏటో సూపించు, ఓపాలి ముట్టుకుంతాను” అంది.

నేను ఆమె వేలు పట్టుకుని నాలుగో వరస మీద పెట్టాను. పెట్టాక చదివాను. అక్కడ ఉన్నది నా పేరు కాదు. పొద్దున్నటి కాగితం తీసేసి, దాని చోట కొత్తది అంటించారు, మైదా జిగురు ఇంకా తడిగానే ఉంది. నాలుగో పేరు హెడ్డుగారి మేనల్లుడిది. మాతోపాటే ఆ తరగతులకి వచ్చినవాడే, పరీక్షలో యాభై దాటలేదని వాడే నాతో చెప్పుకుని దిగులుపడ్డవాడు. అమ్మ మాత్రం ఆ అక్షరాలని నల్లటి వేలితో నెమ్మదిగా నిమురుతూ, మురిసిపోతూ నిలబడి ఉంది. ఆ పేరు నాది కాదని ఆమెకి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ క్షణంలో ఆమె ముఖం ఎలా అయిందో వర్ణించను, అది నాకు మాత్రమే ఉండనివ్వండి.

హెడ్డుగారి గదికి వెళ్లాం. ఆయన తలెత్తకుండానే, నాకు హాజరు మూడు రోజులు తక్కువైందని, అది రూలని, తన చేతిలో ఏమీ లేదని అన్నారు. నోటీసులో హాజరు మాట ఎక్కడా లేదండీ అని నేను అన్నాను. అప్పుడు తలెత్తి నన్ను కాదు, అమ్మ చేతుల్ని చూశారు.

“కామర్స్ అంటే తెల్ల కాగితాల మీద పనమ్మా. ఈ చేతులు పడితే లెడ్జరు లెడ్జరంతా మసే. పిల్లకి బి.ఎ. చాలు.”

అమ్మ గభాలున వంగి ఆయన బల్ల కిందకి చేతులు చాచి కాళ్లు పట్టుకోబోయింది. “బాబూ, నా సేతులు సూసి దాని సదువు ఆపీకండి బాబూ. దాన్ని రేపట్నించి కార్ఖానా గుమ్మం తొక్కనివ్వను” అంటూ ఉంటే ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగారు. చీదరించుకుని జరిగారు. సీటు పోయినందుకు నేను ఆయన్ని ఎప్పుడైనా క్షమించి ఉండేదాన్నేమో. ఆ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకి మాత్రం క్షమాపణ లేదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

బి.ఎ. పూర్తిచేశాను. దానితో ఎం.కాం. చదవనివ్వరు కాబట్టి, కవిటిలో ఒక స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, కొబ్బరితోటల మధ్య నుంచి కిక్కిరిసిన బస్సుల్లో నిలబడి తిరుగుతూ, దూరవిద్యలో బి.కాం. మళ్లీ మొదటి నుంచి చదివాను. అందరూ మూడేళ్లలో ముగించే డిగ్రీకి నాకు ఆరేళ్లు పట్టింది. విసుగు పుట్టినప్పుడల్లా ఆ కుర్చీ చప్పుడు గుర్తు తెచ్చుకునేదాన్ని, మళ్లీ పెన్ను కదిలేది. కొందరిని ప్రేమ చదివిస్తుంది, కొందరిని భయం చదివిస్తుంది, నన్ను మాత్రం కక్షే చదివించింది. ఎం.కాం. అయింది, ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, ఊళ్లు తిరిగి తిరిగి టెక్కలి చేరాను. అమ్మ నాతోనే ఉండేది. ఈలోగా నాకు ప్రవేశాల నిబంధనలన్నీ ఎంత క్షుణ్ణంగా వచ్చాయంటే, ఏ కోర్సుకి ఏ అర్హత కావాలో, ఎవరు ఏ గ్రూపులోంచి ఏ గ్రూపులోకి మారవచ్చో, సందేహం వచ్చిన ప్రతివాళ్లూ నా దగ్గరకే వచ్చేవారు.

హెడ్డుగారు రిటైరై పలాస పొలిమేరల్లో సొంతంగా డిగ్రీ కాలేజీ పెట్టారని, అందులో బి.బి.ఏ. కూడా మొదలుపెడుతున్నారని విన్నాను. కొత్త కోర్సుకి అనుమతి ఇవ్వవచ్చో లేదో చూసి రావడానికి యూనివర్సిటీవాళ్లు ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు, అందులో నా పేరు ఉంది. పాత విరోధం ఉందని చెప్పి తప్పుకోవడం మర్యాద. నేను తప్పుకోలేదు. ఆ రోజు కోసం కొత్త నేత చీర కొనుక్కున్నాను కూడా.

ఆయన నన్ను పోల్చుకోలేదు. మేడమ్ మేడమ్ అంటూ తలుపులు తీశారు, కొబ్బరినీళ్లు తెప్పించారు, పెద్ద పెద్ద జీడిపప్పులు వెండిపళ్లెంలో పెట్టించారు. మిగిలిన ఇద్దరూ తింటూ కబుర్లలో పడ్డారు, సంతకాలు పెట్టేసి భోజనం వేళకి బయటపడాలని వాళ్ల తొందర. నేను లైబ్రరీ చూస్తానన్నాను. పుస్తకాల లోపలి పేజీల మీద వేరే కాలేజీ ముద్రలు ఉన్నాయి. అకౌంటెన్సీ లెక్చరరుగా పరిచయం చేసినతన్ని ఒక చిన్న జర్నల్ ఎంట్రీ బోర్డు మీద రాయమన్నాను. అతను సుద్దముక్క పట్టుకుని చెమటలు కక్కి, చివరికి తనది మందుల షాపని, ఒక్కరోజు కూర్చుంటే చాలన్నారని నిజం చెప్పేశాడు. అనుమతి రాకముందే పందొమ్మిది మంది పిల్లల్ని చేర్చేసుకున్నారని కూడా తేలింది.

అప్పుడు ఆయన నన్ను పక్కకి పిలిచి, ఈ ఒక్క ఏడాదికి చూసీ చూడనట్టు పొమ్మని బతిమాలారు. నేను ఎన్నేళ్లుగానో అద్దం ముందు చెప్పుకున్న మాట చెప్పాను, రూలండీ, నా చేతిలో ఏమీ లేదు అని. తర్వాత నా చేతులు రెండూ చాచి ఆయన ముందు పెట్టి, మూడు రోజుల హాజరు తక్కువైన పిల్లని, జీడిపిక్కలు కొట్టే ఆవిడ కూతుర్ని గుర్తుందా అని అడిగాను.

ఆయన నా ముఖం చాలాసేపు చూశారు. “ఏమోనమ్మా, అప్పట్లో ఎంతమందో వచ్చేవారు. నాకు గుర్తులేదు” అన్నారు. నిజంగానే గుర్తులేదు. నటించేవాళ్లని పట్టుకోవడం ఇరవయ్యేళ్లు పరీక్ష హాళ్లలో తిరిగినదానికి కష్టం కాదు. నా యవ్వనమంతా తినేసిన ఆ రోజు ఆయన జీవితంలో అసలు జరగనేలేదు. దానితో నా కోపం చల్లారలేదు సరికదా రెట్టింపైంది. రిపోర్టులో మిగిలిన ఇద్దరూ మెత్తగా రాద్దామన్న ప్రతి వాక్యాన్నీ నేను గట్టిగా రాయించాను. కోర్సుకి అనుమతి రాలేదు. ఆయన పునఃపరిశీలన కోసం రెండుసార్లు టెక్కలి వచ్చి మా స్టాఫ్ రూము బయట బెంచీ మీద కూర్చున్నారు. నేను ఖాళీగానే ఉండి కూడా, పాత దినపత్రిక తిరగేస్తూ, ఒక్కోసారి గంటకి తక్కువ కాకుండా కూర్చోబెట్టాను. ఆ కాలేజీ తర్వాత మూతబడింది. పలాస వెళ్లినప్పుడల్లా పనిలేకపోయినా ఆటో అటు తిప్పించుకుని, ఆ గేటుకి వేసిన తాళం చూసి వచ్చేదాన్ని. సిగ్గుపడుతూ చెప్పడం లేదు, ఎంతో తృప్తిగా ఉండేది.

అయితే, తనిఖీ జరిగిన రోజు సాయంత్రం ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి, అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పినప్పుడు, ఆమె కళ్లు మెరుస్తాయని ఎదురుచూశాను. అమ్మ నా వైపు తిరిగి, “మరి ఆ పంతొమ్మిది మంది పిల్లలూ ఇప్పుడేటి సేత్తారే?” అంది.

నేను దాని గురించి ఆలోచించనే లేదు.

అనుమతి రాలేదని తేలాక వారం తిరక్కుండా ఆ పిల్లల్లో ఒకమ్మాయి నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చింది. అక్కుపల్లి నుంచి, చేపలు అమ్మే వాళ్లమ్మని వెంటబెట్టుకుని. బి.బి.ఏ. లేదు, కావాలంటే బి.ఎ.లో ఉండండని ఆయన చెప్పేశారట. “నానేటి తప్పు సేసినాను మేడమ్?” అని ఆ పిల్ల అడుగుతుంటే తల్లి నా ముందు వంగబోయింది. నేను దడుచుకుని లేచి ఆవిడ భుజాలు పట్టుకున్నాను. నా కుర్చీ వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది.

ఆ తర్వాత నెలరోజులు నాకు తెలిసిన నిబంధనలన్నీ తిరగేశాను, ఈసారి మూయడానికి కాదు, తెరవడానికి. శ్రీకాకుళానికీ విశాఖపట్నానికీ తిరిగి, గడువు దాటిన ప్రవేశాలకి ప్రత్యేక అనుమతి తెచ్చి, మా కాలేజీ బి.కాం.లో వాళ్లకి చోటు ఇప్పించాను. కామర్స్ చదవనివాళ్లకి పొద్దున్నే నేనే పాఠాలు చెప్పాను. పద్దెనిమిది మంది చేరారు. అక్కుపల్లి అమ్మాయి ఇప్పుడు శ్రీకాకుళంలో ఆడిటర్ దగ్గర పెద్ద పనిలో ఉంది. పందొమ్మిదో అతను, మా కంచిలి వైపు కుర్రాడే, సీటు సంగతి రాసిన నా ఉత్తరం చేరేలోపే చదువు మీద విరక్తి పుట్టి చెన్నైలో కట్టడం పనులకి వెళ్లిపోయాడు. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను, నాతో మాట్లాడటానికి ఎవరూ ఇష్టపడలేదు. అతను ఎక్కడో నన్ను తలుచుకుని పళ్లు కొరుకుతూ ఉంటాడు. ఆ హక్కు అతనికి ఉంది, దాన్ని కాదనేంత సిగ్గుమాలినదాన్ని కాను. హెడ్డుగారి విషయంలో మాత్రం ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు, ఆయన పోయారన్న కబురు చదివినప్పుడు కూడా రాలేదు, నిజం చెప్పాలంటే ఇంకో పదేళ్లు బతికి ఆ తాళం చూసుకుంటూ ఉండాల్సిందని అనిపించింది.

ఈ రోజుల్లో డిగ్రీ సీట్లన్నీ ఫోనులోనే. పిల్లలు మేజర్ సబ్జెక్టులకి వరసగా ఆప్షన్లు పెట్టుకుంటారు, ఏదో ఒక మధ్యాహ్నం మెసేజీ వస్తుంది, ఎవరి మేనల్లుడికీ అందులో చోటు మార్చే వీలు లేదంటారు, అది మంచిదే. మొన్న మా పక్కింటి అమ్మాయికి అడిగిన కామర్స్ మేజర్ రాలేదు, ఇంకేదో వచ్చింది. ఫోను పట్టుకుని నా దగ్గరకి వచ్చి, ఎందుకు రాలేదో ఎవరిని అడగాలి పెద్దమ్మా అంది. ఎవరూ లేరని చెప్పాను. ఆ పిల్ల కాసేపు ఆ తెర వైపు చూసి, ఏడవాలో వద్దో తెలియనట్టు, చిన్నగా నవ్వేసి వెళ్లిపోయింది. ద్వేషించడానికి ఎదురుగా ఒక మనిషైనా లేకుండా, ఆ పిల్ల నాలాగా ఆరేళ్లు ఏ మొండితనంతో చదువుతుందో, అసలు అలా చదవాల్సిన అవసరమే లేని రోజులు వచ్చాయేమో, నాకు తెలియదు.