కత్తెర కింద పెట్టే మనిషి

ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టిన మనిషి కత్తెర పెద్దాయన. అయితేనేం! కోర్టు వకీళ్ళ నల్లకోట్లు ఆయన కోసినవే. బ్యాండు మేళం వాళ్ళ ఎర్ర చొక్కాలు ఆయన కోసినవే. గూని గుమాస్తాకు సైతం వీపు మీద ముడత పడకుండా కోటు కోసి శభాష్ అనిపించుకున్నాడు. గుడ్డ పాడు చేశావని ఆయన ముందు నిలబడి అరిచినవాడు ఇంతవరకు పుట్టలేదు.

దానికి వెనక ఒక పద్ధతుంది. ఒంట్లో కోపం ఉండగా ఆయన గుడ్డ మీద కత్తెర పెట్టడు. చిర్రెత్తిందంటే కత్తెర బల్ల మీద పెట్టేసి, పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడుగుతాడు. ఊపిరి నెమ్మదించేదాకా నీళ్ళ కింద నుంచి చేతులు తీయడు. తర్వాత సందు చివరిదాకా నడిచి వచ్చి, అప్పుడు సుద్దముక్క పట్టుకుంటాడు. పని నేర్పిన గురువు వేళ్ళ మీద స్కేలుతో కొట్టి మరీ చేయించిన అలవాటు అది.

ఆ అలవాటు తమ్ముడి కొడుక్కి కంట్లో నలుసు. తండ్రి పోయాక దుకాణం వాడి చేతికొచ్చింది. దాంతోపాటే నోరూ పెరిగింది.

ఒకరోజు పొద్దున కుట్టుమిషన్ల మీద ఉన్నవాళ్ళంతా వినేలా అన్నాడు: "పెదనాన్నా, ఈ కోటు సాయంత్రానికి తయారవ్వాలి. బల్ల దగ్గర్నుంచి కదిలావో, రేపట్నుంచి నీ చోటు కాజాల మూలే."

కాజాలు కుట్టేది కొత్తగా పనిలో చేరినవాళ్ళు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి.

"కాజాల మూలా? నీకు లాగు తొడుక్కోవడం రాని రోజుల నుంచీ ఈ బల్ల నాదిరా!"

"మళ్ళీ అదే పాట! వకీళ్ళు, బ్యాండు మేళం... ఇంకెన్నాళ్ళు పాడతావ్? మా నాన్న మొహమాటపడ్డాడు. నేను పడను."

పోయిన తమ్ముడి మాట ఎత్తగానే పెద్దాయనకు చిర్రెత్తింది. కోటు గుడ్డేమో ఖరీదైన ఉన్ని, కస్టమరు దూరం నుంచి తెప్పించుకున్నది. ఇంకో ముక్క దొరకదు. కదిలితే బల్ల పోతుంది. కదలకపోతే గుడ్డ పోతుంది. పెద్దాయన కత్తెర కింద పెట్టి పెరట్లోకి నడిచాడు.

"చూశారా! మహారాజుగారు స్నానానికి బయల్దేరారు!" అని వెనక నుంచి కేక. మిషన్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. దాంతో వాడికి మరింత మండి, కత్తెర తనే అందుకున్నాడు.

పెద్దాయన సందు చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి మిషన్ల చప్పుడు ఆగిపోయి ఉంది. బల్ల మీద కోటు చేతులు రెండూ కోసి ఉన్నాయి. రెండూ ఎడమవే. గుడ్డ కురచ కాబట్టి మడత వేయకుండా కోయాలి. ఒక చేతికి పెట్టి గీసిన కొలతల అట్టను రెండో చేతికి బోర్లించాలి. కోపంలో వాడు బోర్లించలేదు.

"అంతా నీ వల్లే!" అంటూ వాడే ముందు విరుచుకుపడ్డాడు. "నేను నోరు తెరిచినప్పుడల్లా పోయి చేతులు కడుక్కుంటావ్. నేనేమన్నా నీకంటుకున్న బురదనా? తిట్టొచ్చుగా! ఒక్కసారైనా నోరారా తిట్టొచ్చుగా!"

పెద్దాయన నిర్ఘాంతపోయాడు. ఇన్నాళ్ళూ తన పద్ధతి గుడ్డను కాపాడుతోందనుకున్నాడు గానీ, అది ఒకడికి ఇలా తగులుతోందని ఎన్నడూ తట్టలేదు. అయినా గొంతు మెత్తబడలేదు.

"నిన్ను కడుక్కోవడానికి కాదురా వెధవా, నీ చెంప పగలగొట్టకుండా ఉండటానికి! చాలా? తిట్టాను. ఇక ఆ కత్తెర పెట్టెయ్. మిగిలింది కూడా నాశనం చేస్తావ్."

"పెట్టను."

"నీ చెయ్యి చూసుకో."

చూసుకున్నాడు. కత్తెర కొసలు ఒకదానికొకటి టకటకా కొట్టుకుంటున్నాయి. దాన్ని బల్ల మీద విసిరేసి పెరట్లోకి పోయాడు. కుళాయి కసిగా తిప్పిన చప్పుడు వినిపించింది. నీళ్ళు చాలాసేపు పడ్డాయి.

సాయంత్రం కస్టమరు వచ్చి గుడ్డ చూసి, తమ్ముడి కొడుకు కాలరు పట్టుకున్నంత పని చేశాడు. "ఎవడు కోశాడిది? ఈ ముసలాయనేనా?"

పెద్దాయన బల్ల మీది ముక్కలు ఏరి మడత పెడుతున్నాడు.

"ఆయన కాదు, నేను," అన్నాడు తమ్ముడి కొడుకు. తిట్లన్నీ తలొంచుకుని తిన్నాడు. కస్టమరు మెట్లు దిగగానే మళ్ళీ కుళాయి దగ్గరికి నడిచాడు.

ఆ తర్వాతా ఇద్దరూ ఉప్పూ నిప్పూలాగే ఉన్నారు. కాకపోతే పెద్దాయన ఇప్పుడు లేచే ముందు, "వెధవా, కోపమొచ్చింది, పోతున్నా," అని చెప్పి మరీ వెళ్తున్నాడు. "పో, పో," అంటాడు వాడు తలెత్తకుండానే. కాజాల మూల మాట మళ్ళీ రాలేదు. బల్ల ఆయనదే.