చెవి మేస్త్రికి వచ్చిన ఫోను

మా బావని అందరూ చెవి మేస్త్రి అంటారు. నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. మోటారు తెచ్చినవాడు దాని జబ్బు గురించి చెప్పబోతే చేత్తోనే ఆపేస్తాడు. స్విచ్చి వేసి, స్క్రూడ్రైవర్ మొన మోటారు ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకి నొక్కిపెట్టి కళ్లు మూసుకుంటాడు. బేరింగు పోయిందనో, షాఫ్టు వంగిందనో చెప్పాకే కళ్లు తెరుస్తాడు. విప్పి చూస్తే అదే ఉంటుంది. ఆ పేరు అలా వచ్చింది. ఆ పేరు చూసుకుని ఆయనకి కొంచెం గర్వం కూడా ఉంది. మరదలిని కాబట్టి నేను కొంచెం అంటున్నాను.

ఆయన షెడ్డుకీ నా జిరాక్స్ కొట్టుకీ మధ్య ఒకటే గోడ. కొన్నేళ్లుగా ఆ గోడకి రెండు వైపులా జరిగేవి నా చెవినే పడుతున్నాయి. మా అక్క నా కొట్టుకొచ్చి కూర్చుంటే ఒకటే పాట. "మీ బావ మారిపోయాడే. వంటింట్లోంచి పది మాటలు మాట్లాడితే ఒక్కదానికి ఊ అనడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు." మొదట్లో కోపంగా అనేది. తర్వాత నవ్వుతూ అనేది. ఈ మధ్య అనడమే మానేసింది. నాకు భయం వేసింది అప్పుడే. మాటకి మాట రాని ఇంట్లో మనిషి ఎన్నాళ్లని మాట్లాడుతుంది?

అక్క వాడిన సామెత అక్షరాలా నిజమని నాకు తెలిసిన రోజు, బావ మధ్యాహ్నం పూట నా కొట్టుకొచ్చి షట్టరు సగం దించాడు. ముందు ఒట్టు వేయించుకున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా గతి లేక నా దగ్గరికే వచ్చాడు. చెవుల డాక్టరు దగ్గరికి ఎవరికీ చెప్పకుండా వెళ్లొచ్చాడట. మోటారు చప్పుడు ఎముక గుండా లోపలికి పోతుంది కాబట్టి అది వినిపిస్తూనే ఉంది. మనుషుల మాట గాల్లోంచి రావాలి, ఆ దారి మూసుకుపోతోంది. అందుకే ఆయన ఇన్నాళ్లూ తన చెవులు బాగానే ఉన్నాయనీ, లోకమంతా గొణుగుతోందనీ నమ్మాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం మరి.

డాక్టరు చెవికి పెట్టుకునే మిషను పేరు రాసిచ్చాడు. బజార్లో కొంటే తెలిసినవాళ్ల కంట పడుతుంది. చెవి మేస్త్రికి చెవుడని తెలిస్తే మోటారు ఎవడు తెస్తాడని ఆయన భయం. అక్కకి కూడా చెప్పొద్దన్నాడు. దానికి చెబితే సాయంత్రానికల్లా చుట్టాలందరికీ తెలిసిపోతుందట. ఈ మాట నాతో, ఏ మొహమాటమూ లేకుండా!

ఆన్‌లైన్‌లో కొందామన్నాను. బ్యాంకువాళ్లు ఎప్పుడో ఇచ్చిన క్రెడిట్ కార్డు ఇంకా కవరులోనే ఉంది. ఇంటి చిరునామా కాకుండా షెడ్డు చిరునామా పెట్టి ఆర్డరు చేశాం. కాసేపటికే ఆ దుకాణం నుంచి మెయిలు వచ్చింది. కార్డు ఎన్నడూ వాడనిది, సరుకు ఖరీదైనది, పంపాల్సిన చోటు బ్యాంకులో ఉన్న చిరునామా కాదు. కాబట్టి కార్డు మీదేనని నిర్ధారించుకోవాలి, గుర్తింపు కార్డు ఫొటో, దాన్నీ క్రెడిట్ కార్డునీ పట్టుకున్న మీ ఫొటో పంపండి, తర్వాత మేము ఫోను చేస్తాం అని దాని సారాంశం. ఇలాంటి మెయిళ్లు దొంగలు కూడా పంపుతారని విన్నాను. అందుకని అందులోని లింకు నొక్కకుండా దుకాణం సైటుకే వెళ్లి మా ఆర్డరు తెరిచి చూశాను. అక్కడా అదే అడిగారు.

బావకి ఒళ్లు మండిపోయింది. నా డబ్బు, నా కార్డు, నా మొహం, నేను నేనేనని వాళ్లకి రుజువు చూపించాలా అన్నాడు. కార్డు కొట్టేసినవాడు కూడా ఇదే మాట అంటాడు బావా అని ఆయన మొహానికి దగ్గరగా వచ్చి చెప్పాను. నిజానికి నాకు ఆ దుకాణంవాళ్ల మీద కోపం రాలేదు. రేపు ఆయన కార్డు ఇంకెవడి చేతిలోనో పడితే వాడినీ ఇలాగే నిలబెట్టి అడగాలి కదా. ఫొటోలో క్రెడిట్ కార్డు చివరి నాలుగంకెలు తప్ప మిగతావి కనపడకూడదన్నారు. బావ వైండింగుకి చుట్టే నల్లటేపు తెచ్చి ఎంత గట్టిగా చుట్టాడంటే, ఊడదీసేసరికి కార్డు మీది అంకెల మెరుపు కూడా దాంతో పోయింది.

ఫొటోలు నెగ్గాయి. ఫోను దగ్గర దొరికిపోయాం.

అడగబోయే ప్రశ్నలు ఇవీ ఇవీ అని బావ ముందే ఊహించుకుని జవాబులు వరసగా బట్టీ పట్టాడు. ముందు పేరు, తర్వాత పుట్టిన తేదీ, తర్వాత చిరునామా. ఫోను స్పీకరులో పెట్టాం. అవతల ఒక అమ్మాయి, మంచి గొంతు. ఆమె ముందు ఏ బ్యాంకు కార్డని అడిగింది. బావ తన పేరు చెప్పాడు. పుట్టిన తేదీ అడిగితే షెడ్డు చిరునామా మొదలుపెట్టాడు. నేను ఆగలేక ఆయన చెవిలో గట్టిగా చెప్పేశాను. అంతే, అవతల గొంతు మారింది. పక్కనుంచి ఎవరో జవాబులు అందిస్తున్నారనీ, కార్డు సొంతదారు తానే మాట్లాడాలనీ, రేపు మరొక్కసారి చేస్తామనీ, అప్పుడూ ఇలాగే ఉంటే ఆర్డరు రద్దవుతుందనీ మర్యాదగా చెప్పింది. ఆమెని తప్పు పట్టడానికేముంది? మేము చేసినవన్నీ దొంగలు చేసే పనులే.

కాగితం మీద రాసి చూపించొచ్చు కదా అని మీరనొచ్చు. ఆ గాభరాలో తట్టలేదు. మర్నాడు అలాగే చేద్దామనుకుని, చెడిపోయిన జిరాక్స్ కాగితాలు కట్టగా పెట్టుకుని షెడ్డులో కూర్చున్నాను. ఫోను సరిగ్గా రాకూడని వేళకి వచ్చింది. లాండ్రీ ఆయన మోటారు తెచ్చి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. అక్క భోజనం క్యారేజీతో అప్పుడే గుమ్మంలో కాలు పెట్టింది. నేను కలం తీస్తే గుట్టు రట్టు. తీయకపోతే మిషను రాదు. బావది కక్కలేని మింగలేని పరిస్థితి.

స్పీకరులో ఆ అమ్మాయి రెండోసారి అడుగుతోంది. అక్క ఫోను వంకా మా వంకా చూస్తోంది. నా చెయ్యి కాగితం మీదికి పోబోయింది. బావ నా మణికట్టు పట్టుకుని ఆపాడు. లాండ్రీ ఆయన్ని చూశాడు, అక్కని చూశాడు, తల వంచుకుని ఫోనుకి చెప్పాడు.

"అమ్మా, నాకు చెవుడు. నువ్వు అడిగేది వినపడట్లేదు. నిన్న పక్కన మాట్లాడింది మా మరదలు, దొంగ కాదు. రాసి పంపితే చదివి నేనే చెబుతాను."

చెవుడు అన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. డాక్టరు సంగతి చెప్పిన రోజు కూడా దారి మూసుకుపోతోందనే అన్నాడు.

ఆ అమ్మాయి సరేనంది. ప్రశ్నల మెసేజి వచ్చి బావ అరచేతిలో ఫోను అదిరింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో ప్రశ్నా పైకి చదివి, ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. చివరిది ఏ వస్తువు కొన్నారని. "చెవికి పెట్టుకునే మిషను" అన్నాడు. ఆర్డరు ఖాయమైందని మెసేజి వచ్చింది.

లాండ్రీ ఆయన మోటారు మీద చెయ్యి వేశాడు. తీసుకుపోతాడనే అనుకున్నాను. దాన్ని బావ వైపు కాస్త జరిపి, తాను ఎదురుగా వచ్చి నిలబడి, గొంతు పెంచి, సాయంత్రానికి అవుతుందా అని అడిగాడు. అవుతుందని బావ తల ఊపాడు. ఇన్నాళ్లూ ఆయన భయపడింది దీనికి. ఇంతే.

అక్క మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది. క్యారేజీ కింద పెట్టింది. అక్కడినుంచే, తనలో తాను అనుకున్నట్టు అంది.

"అయితే మీకు నేనంటే విసుగు కాదన్నమాట."

బావకి వినపడలేదు. పెదాలు కదలడం చూశాడు, ఏమందో చెప్పమని నా వైపు తిరిగాడు. నేను చెప్పలేదు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, విప్పి పడేసిన మోటార్లు దాటుకుంటూ వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, అదే మాట మళ్లీ అంది.