మేస్త్రీ పూసిన పడవ

మా మేస్త్రీ పోయారు. గురువారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆయన నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తి "చెప్పండి మేస్త్రీ" అన్నాను. అవతల ఉన్నది ఆయన కాదు, ఆయన భార్య. "ఆయన లేడమ్మా. పొద్దుగాల ఛాతీల నొప్పి అన్నడు. దవాఖానకు తీస్కపొయ్యెలోపే అయిపొయింది. ఫోన్ల నీ పేరే పైన ఉన్నది, అందుకే చేసిన" అంది.

నా పేరు పైన ఎందుకుందో నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం ఆయన నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు. ఎందుకు చేశారో ఆవిడకూ తెలియదు. ఇక ఎవరికీ తెలియదు.

మీలో ఎవరికీ ఆయన పరిచయం ఉండకపోవచ్చు. కానీ హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలు చేసేవాళ్లయితే ఆయన పని మీద నడిచే ఉంటారు. పెద్ద భవనాల సెల్లార్లలో నున్నగా మెరిసే బూడిదరంగు నేల ఉంటుంది కదా, అది ఎపాక్సీ పూత. ఆ పూత వేసే బృందానికి ఆయన మేస్త్రీ. జీడిమెట్లలో మందుల కంపెనీల నేలలు, నీళ్ల ట్యాంకుల లోపలి గోడలు పూస్తూ ముప్పై ఏళ్లు గడిపారు. గోళ్ల చుట్టూ ఎండిపోయిన రెసిన్, అంటే ఆ పూత జిగురు, ఎప్పుడూ ఉండేది. నవ్వినప్పుడు ఆ చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

మాది అనంతపురం దగ్గర ఒక ఊరు. చిన్నప్పుడు నాకు తెలిసిన నీళ్లన్నీ బిందెలో పట్టేవే. అందుకేనేమో ఉద్యోగం వచ్చి, చందానగర్‌లో ఫ్లాట్ కొనుక్కుని స్థిరపడ్డాక పడవ పిచ్చి పట్టుకుంది. వీడియోలు చూసి, ప్లైవుడ్ కోయించి, పలకల్ని రాగి తీగతో కుట్టి, మా అపార్ట్‌మెంట్ పార్కింగులో కారు పెట్టే చోట పదడుగుల పడవ కట్టాను. కట్టడం వరకూ బాగానే వచ్చింది. చెక్కలోకి నీరు దిగకుండా అడుగుకు ఎపాక్సీ పూయాలి. అక్కడ ఆగిపోయాను. రెసిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ లెక్క ప్రకారమే కలిపితే, బ్రష్ ముంచేలోపే మగ్గు పొగలు కక్కింది. చూస్తుండగానే లోపలిదంతా రాయిలా గట్టిపడిపోయింది.

ఆ వారమే మా ఆఫీసు సెల్లార్‌లో పూత పని జరుగుతోంది. అడ్డంగా కట్టిన తాడు ఇవతల నిలబడి అడిగాను.

"మేస్త్రీ, ఇది చెక్క మీద పూయొచ్చా?"

"ఏం చెక్క మేడం? తలుపా?"

"పడవ."

ఆయన రోలర్ ఆపి, నా మెడలోని ఐడీ కార్డు వంక, నా వంక చూశారు. "పడవనా? ఈడ యాడ నడుపుతవ్? వానొచ్చినప్పుడు ఫ్లైఓవర్ కిందనా?"

ఆ ఆదివారం బస్సెక్కి మా అపార్ట్‌మెంట్‌కు వచ్చారు. బోర్లించిన పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, వేళ్ల కణుపులతో అక్కడక్కడా కొట్టి విన్నారు. "మంచిగ కుట్టినవ్ బిడ్డా" అన్నారు. అప్పటి నుంచి నేను మేడం కాదు.

మొదటి పాఠం గిన్నెది. "లోతు గిన్నెల ఉంచితె దానికదే ఉడుకుతది. ఎడల్పు పళ్లెంల పొయ్యి, జర జర కలుపుకో" అన్నారు. కలిపేటప్పుడు పెదాలు కదుపుతూ రెండు వందలు లెక్కపెట్టేవారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఒకసారి వాచ్‌మన్ మూడుసార్లు పలకరించాడు, మూడుసార్లూ మొదటికి వెళ్లారు. విసుక్కోలేదు.

రెండో పాఠం వేళది. నేను పొద్దున్నే మొదలుపెడదామంటే ఒప్పుకోలేదు. "ఎండ ఎక్కుతుంటె కట్టె ఊపిరి ఇడుస్తది. అప్పుడు పూస్తె అంత బుడగలే. ఎండ దిగుతుంటె ఊపిరి పీల్చుకుంటది. అప్పుడు పూస్తె మందు లోపలికి గుంజుకుంటది" అన్నారు. ఆ మాట నిజమో కాదో చూద్దామని రెండు చిన్న చెక్కముక్కల మీద రెండు వేళల్లోనూ పూసి చూశాను. నిజమే. పొద్దున పూసిన ముక్క నిండా సూది బెజ్జాలు.

సాయంత్రం నాలుగు దాటాక పని. నాకు గ్లవ్స్ తప్పనిసరి, మాస్క్ తప్పనిసరి. ఆయన మాత్రం వట్టి చేతులు. అడిగితే, "ఈ చేతులకు ఇప్పుడేం గాదు, అయ్యేదేదో ఎప్పుడో అయ్యింది" అని నవ్వేశారు. గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టలేదు.

గాజుపోగులతో నేసిన బట్ట పరిచి రెండు పూతలు వేశాం. మూడోది మిగిలిందనగా ముసురు పట్టింది. ఫోన్ చేసి చెప్పారు: "గాలంత తడి ఉన్నది. ఈ వారం ముట్టకు." కానీ నాకు శనివారం సెలవు దొరికింది, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఒక్కదాన్నే పూసేశాను. మర్నాటికి అడుగంతా తెల్లటి జిడ్డు తేలి, వేలు పెడితే అంటుకుంటోంది.

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయకుండా ఉండలేను. ఆయనకు ఫోన్ చేసి, "మీరు తెప్పించిన డబ్బా పాతదేమో మేస్త్రీ" అన్నాను.

వచ్చారు. వేలితో తాకి వాసన చూశారు. పార్కింగు నేల మీద చెమ్మ చూశారు. "డబ్బా మంచిదే బిడ్డా" అన్నారు. అంతే. బకెట్, పీచు తెమ్మని జిడ్డు కడగడం మొదలుపెట్టారు. నాకేదో కాల్ ఉందని పైకి వెళ్లాను. రెండు గంటల తర్వాత దిగి వచ్చేసరికి సగం పడవ మీది పూత గీకేశారు. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి పొడి, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మీరెందుకు, నేను చేస్తాను కదా" అన్నాను.

"ఎవలు పూసింది వాళ్లే గీకితె మనసు కరాబైతది. నువ్వు అటు కూసో."

ముసురు వదిలి ఎండలు కాశాక, ఒక సాయంత్రం మూడో పూత మళ్లీ వేశాం. ఫోన్ లైటు అడ్డంగా పట్టి, వెలుతురు ఎక్కడ విరుగుతోందో చూసుకుంటూ అంగుళం అంగుళం వెతికారు. ఎక్కడా విరగలేదు. టీ తాగుతూ అప్పుడు చెప్పారు.

"ఎన్ని టాంకీలు పూసిన్నో లెక్క లేదు. ఒక్కదాంట్ల గూడ నీళ్లు నిండంగ సూడలే. పనైతనే గేటు బయటికి పంపిస్తరు. నేను పూసింది నీళ్లల్ల ఉండంగ ఒక్కపారి సూడాలె."

"మొదట ఎక్కేది మీరే మేస్త్రీ" అన్నాను. ఆ సాయంత్రం ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

నెల తర్వాత ఒక శుక్రవారం, శంకర్‌పల్లి దాటాక ఎవరిదో ఫామ్‌హౌస్ ఉందని, దాని పక్కనే ఉన్న కుంటలో పడవ దింపుకోవచ్చని మా టీమ్ వాళ్లు చెప్పారు. శనివారమే ప్రయాణం. ఆయన ఆ రోజు పనిలో ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. అడగలేదు. కార్లలో చోటు లేదనుకున్నాను. అదీ లెక్కచూడలేదు. అసలు సంగతి, మా ఆఫీసు వాళ్ల మధ్య ఆయన ఎలా కూర్చుంటారా అని ఒక క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణమే. పడవను కారు పైన కట్టుకుని వెళ్లిపోయాం. అందరం వంతులవారీగా ఎక్కాం, అరిచాం, ఫోటోలు దిగాం. సాయంత్రం ఒక ఫోటో వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను. ఆయన చూస్తారన్న ఆలోచనే రాలేదు.

ఆదివారం ఫోన్ చేశారు. నిష్ఠూరమాడతారని గొంతు సవరించుకున్నాను.

"మంచిగ తేలుతున్నది బిడ్డా. అడుగున యాడన్న తడి తగిలిందా?"

"లేదు మేస్త్రీ. చుక్క రాలేదు."

"అయితె సాలు."

"ఈసారి మిమ్మల్ని తీసుకెళ్తాను. వచ్చే వారమే."

"పోదాం తియ్. ఫికర్ జెయ్యకు."

వచ్చే వారం ఆఫీసు పని పడింది. ఆ పై వారం నాకే మొహం చెల్లలేదు. కోప్పడి ఉంటే మర్నాడే తీసుకెళ్లేదాన్నేమో. కోప్పడలేదు కాబట్టి వాయిదా వేయడం సులువైంది. మూడు నెలలు అలా జరిగాయి. ఆయన ఫోన్ చేస్తే 'పడవ ఎప్పుడు' అని అడుగుతారేమోనని ఎత్తడం తగ్గించాను. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ గురువారం జీడిమెట్లలో వాళ్ల ఇంటికి వెళ్లాను. గల్లీ నిండా ఆయనతో పనిచేసినవాళ్లు. అందరి చేతులూ ఒకేలా ఉన్నాయి. వాళ్లలో ఒకాయన నన్ను చూసి, "పడవ మేడం మీరేనా?" అని పక్కకు జరిగి దారిచ్చాడు. ఆ గౌరవం నాకు తగదని చెప్పే చోటు కాదది.

నెల తిరిగాక ఆయన భార్య దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఆయన్ని తీసుకెళ్తానని మాటిచ్చి, తీసుకెళ్లకుండా వెళ్లొచ్చిన సంగతి దాచకుండా చెప్పాను. ఆవిడ వింటూనే బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"తెల్సమ్మా. ఆ ఫోటో నాకు సూపిచ్చిండు. గల్లీల అందరికి సూపిచ్చిండు. 'అడుగున ఉన్నది నాది, కనవడది గని నాదే' అన్నడు."

"బాధపడ్డారా?"

ఆవిడ చేట పక్కన పెట్టింది. "పడ్డడు. ఆ పొద్దు బువ్వ తినలే. తెల్లారి నీకు ఫోన్ జేసినంక తిన్నడు."

లేదని అనదనుకున్నాను కానీ, ఇంత సూటిగా చెబుతుందనుకోలేదు. "మీరొస్తారా, పడవ చూడ్డానికి?" అని అడిగాను. "వస్త" అంది.

పోయిన ఆదివారం ఇద్దరమే వెళ్లాం. కారు పైనుంచి పడవ దించడానికి కుంట దగ్గరి కాపలాదారు సాయం పట్టాడు. నీళ్లలోకి తోసి, ఊగకుండా పట్టుకుని, చెయ్యి అందించాను. ఆవిడ చీర కొద్దిగా ఎత్తి దోపుకుని మోకాళ్ల లోతు దాకా వచ్చింది, ఆగింది.

"ఆయన ఎక్కనిది నేనెట్ల ఎక్కుతనమ్మా" అంది. కోపంగా అనలేదు. నా చేతిలో నుంచి తాడు తీసుకుంది.

నేను ఒడ్డుకు వచ్చి కూర్చున్నాను. ఆవిడ తాడు కొంచెం కొంచెం వదులుతుంటే ఖాళీ పడవ గాలికి లోపలికి జరుగుతూ పోయింది. తాడు చివరికంటా వెళ్లి, ఒక పక్కకు మళ్లి నిలబడింది. ఆవిడ వెనక్కి లాగలేదు. నీళ్లలో అలాగే నిలబడి, తాడును రెండు చేతులతో పట్టుకుని, పొద్దు వాలేదాకా చూస్తూ ఉంది.