ముప్పై ఎనిమిది రాళ్ల మరియమ్మ

మాచర్ల దాపున నాపరాయి గనుల పేటలో మరియమ్మను ఎరగనివారు లేరు. నలభై ఏళ్లు ఉలి దెబ్బతో పలక నుంచి పలకను విడదీసిన మనిషి. చదువు రాదు. అయినా ఎవరి తాత ఏ ఊరి నుంచి వలస వచ్చాడో, ఎవరి అవ్వ ఏ క్వారీ అంచున ప్రసవించిందో ఆమెకు కంఠతా వచ్చు. సంబంధాలు కుదిరేటప్పుడు వరసలు కలుస్తాయో లేదో ఆమెనే అడిగేవారు.

పోయినేడు పేట పక్కనున్న మిట్టను క్వారీకి ఇమ్మని ఓ కాంట్రాక్టరు దరఖాస్తు పెట్టాడు. పేటవాళ్ల సమాధులన్నీ ఆ మిట్ట మీదే. అక్షరం ముక్క లేని ఉత్త రాళ్లు పాతి ఉంటాయి. అవి సమాధులు కావు, గనివాళ్లు తీసి పారేసిన రాళ్లేనని అతని వాదన. విచారణకు సర్వేయరు గోపాలరావు వచ్చి, కాగితం ఏమన్నా ఉందా అని అడిగాడు. పేటవాళ్లు మరియమ్మను ముందుకు తోశారు.

ఆమె తన మామ రాయి దగ్గర మొదలుపెట్టింది. కరువులో ఎద్దుల్ని అమ్ముకుని ఈపూరు వైపు నుంచి వచ్చాడని, ఈ మిట్ట మీద పూడ్చిన మొదటి మనిషి ఆయనేనని చెప్పింది. ఒక్కో రాయి దగ్గరా పేరు, ఊరు, పిల్లల పేర్లు చెబుతూ నడిచింది. గోపాలరావు రాసుకుంటూ వెంట నడిచాడు. ముప్పై ఎనిమిదో రాయి దగ్గర మాత్రం ఆగిపోయింది.

"ఈయన పేరు తెల్వదు సారూ. పనికని లారీ దిగిన మూడో రోజే మీద బండ పడి చచ్చిపోయాడు. చానామందిని అడిగాం, ఎవురూ చెప్పలా."

"ఏదో ఒక పేరు చెప్పొచ్చుగా?" అన్నాడు గోపాలరావు.

"ఒక పేరు అబద్ధం చెబితే మిగతా ముప్పై ఏడూ అబద్ధమైపోవా?"

అప్పటికీ అతనికి పూర్తి నమ్మకం కుదరలేదు. మర్నాడు చెప్పకుండా వచ్చి, మరియమ్మను వెంటబెట్టుకుని మిట్టకు అవతలి వైపు నుంచి ఎక్కి, తోచిన రాయి చూపించి అడిగాడు. ఒక్క పేరూ తప్పలేదు. ఆ సాయంత్రమే ఇది శ్మశానమని రిపోర్టు రాశాడు. రెండు నెలలకు మిట్టను వదిలేసి, ఇరవై గజాల అవతల క్వారీకి హద్దురాళ్లు పాతారు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం పేటలోని రాతిపనివాళ్లు సమాధుల మీద పేర్లు చెక్కుతున్నారు. పక్కన కూర్చుని మరియమ్మ చెబుతుంది. మొన్న సత్తెనపల్లి నుంచి ఒకామె బస్సు దిగి వచ్చింది. తన తాత ఇక్కడి గనుల్లో పనిచేశాడట, పేరు తప్ప ఇంకేమీ తెలియదట. మరియమ్మ ఆమెకు పీట వేసి, మంచినీళ్లిచ్చి, ఆమె ముత్తాత దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టింది.